త్రిత్వ సిద్ధాంతం - మాటల వెనుక చరిత్ర

“మీకూ మా త్రిమూర్తుల్లాగే ముగ్గురు దేవుళ్ళటగా?” - సర్వీసులో ఉన్న రోజుల్లో ఈ ప్రశ్న నన్ను అడగని సెక్షను లేదు. వేళాకోళానికి అడిగినవారు తక్కువ, తెలుసుకోవాలని అడిగినవారే ఎక్కువ. టీ తాగే పది నిమిషాల్లో తేలే విషయం కాదు గనుక “ముగ్గురు కాదండీ, ఒక్కడే” అని చెప్పి ఊరుకునేవాణ్ణి. “ఒక్కడే అయితే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అని మూడు పేర్లెందుకు?” అని వెంటనే రెండో ప్రశ్న వచ్చేది. ఆ రెండో ప్రశ్నకు జవాబు కుదుర్చుకోవడానికి క్రైస్తవ సంఘానికి మూడున్నర శతాబ్దాలు పట్టింది. కుదిరిన జవాబులో తర్వాత చేర్చిన ఒక్క మాట మీద వెయ్యేళ్ళకు పైగా తగాదా నడిచింది. 2025తో నికయ మహాసభకు 1700 ఏళ్ళు నిండాయి. ఆ సందర్భాన్ని పురస్కరించుకొని ఈ చరిత్రను మన ప్రత్యేక సంచిక పాఠకులకు క్లుప్తంగా మనవి చేస్తున్నాను.

నేను వేదాంత పండితుణ్ణి కాను. ప్రతి ఆదివారం నలుగురితో కలిసి విశ్వాస ప్రమాణం పఠించే సామాన్య విశ్వాసిని. డ్రాఫ్టులు రాసి, పై అధికారులు దిద్దినవాటికి ఫెయిర్ కాపీలు తీసి రిటైరైన గుమాస్తాను. ఒక ఉత్తర్వులో ‘మరియు’ ఉండవలసిన చోట ‘లేదా’ పడితే ఎంతమంది పెన్షను లెక్క తారుమారవుతుందో మనందరికీ తెలుసు. ఆ అనుభవం వల్లనే కాబోలు, ఈ సిద్ధాంతాన్ని రాసిన పత్రం ఎన్ని చేతులు మారింది, ఏ మాట ఎప్పుడు ఎందుకు చేరింది అన్న సంగతులే నన్ను ఎక్కువగా ఆకర్షించాయి.

గ్రంథంలో ఉన్నదేమిటి?

బైబిలులో ‘త్రిత్వం’ అన్న మాట ఎక్కడా లేదు. ఉన్నవి మూడు పేర్లు కలిసి వచ్చే చోట్లు. మత్తయి సువార్త చివరి అధ్యాయంలో బాప్తిస్మం ఇవ్వమన్న ఆజ్ఞలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అన్న మూడు పేర్లూ ఉన్నాయి. పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక ముగింపు దీవెనలోనూ ఈ ముగ్గురి ప్రస్తావన ఉంది. ఆ ముగ్గురికీ ఉన్న సంబంధం ఏమిటో మాత్రం ఆ చోట్ల విడమరచి చెప్పలేదు.

తొలి క్రైస్తవులు యూదులు. దేవుడు ఒక్కడే అన్నది వారు నిత్యం వల్లించే మాట. ఆ మాట వదలకుండానే వారు యేసును ఆరాధించారు. దీనికి బయటివారి సాక్ష్యం కూడా ఉంది. అది ఒక ప్రభుత్వ ఉత్తరం. క్రీ.శ. 112 ప్రాంతంలో రోమను సామ్రాజ్యంలోని బితూనియ గవర్నరుగా ఉన్న ప్లినీ, క్రైస్తవుల విషయంలో ఏం చర్య తీసుకోవాలో తెలుపవలసిందని చక్రవర్తి ట్రాజన్‌కు రాశాడు. వీరు తెల్లవారకముందే ఒకచోట చేరి క్రీస్తును దేవుడన్నట్లుగా కీర్తిస్తారని అందులో నివేదించాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత మహాసభ జరిగిన నికయ పట్టణం కూడా ఆ బితూనియలోదే. దీన్నిబట్టి ఆరాధన ముందు వచ్చిందనీ, సిద్ధాంతం తర్వాత వచ్చిందనీ తెలుస్తోంది. ఆఫీసుల్లోనూ అంతే కదా! ఆనవాయితీ ముందు పుడుతుంది, రూలు తర్వాత రాస్తారు.

ఇక్కడ మరొక సంగతి చెప్పాలి. యోహాను మొదటి పత్రిక అయిదవ అధ్యాయంలో పరలోకమందు సాక్ష్యమిచ్చేవారు ముగ్గురనీ, ఆ ముగ్గురూ ఒక్కటేననీ చెప్పే వాక్యం ఒకటి పాత ఇంగ్లీషు బైబిలులో కనిపిస్తుంది. కానీ ప్రాచీన గ్రీకు ప్రతుల్లో ఆ వాక్యం లేదు. 1516లో గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేసిన ఎరాస్మస్ పండితుడు మొదటి రెండు ముద్రణల్లో దాన్ని చేర్చలేదు. విమర్శలు వచ్చిన మీదట 1522 నాటి మూడవ ముద్రణలో చేర్చాడు. మనం చదువుకునే తెలుగు బైబిలులో ఆ వాక్యం లేదు. అది లేనంత మాత్రాన సిద్ధాంతం పడిపోదు. ఎందుకంటే నికయలో జరిగిన వాదం దాని మీద ఆధారపడింది కాదు.

రెండు సులువైన జవాబులు

180 ప్రాంతంలో అంతియొకయ బిషప్పు థియోఫిలస్ దేవుని గురించి రాస్తూ ‘త్రయం’ అనే అర్థం వచ్చే గ్రీకు మాట వాడాడు. మనకు దొరికిన క్రైస్తవ రచనల్లో ఆ మాట వాడకం అదే మొదటిది. మరో ముప్పై ఏళ్ళ తర్వాత ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి నగరవాసి టెర్టూలియన్ లాటిను భాషలో ‘ట్రినిటాస్’ అన్నాడు. సారం ఒక్కటి, వ్యక్తులు ముగ్గురు అన్న సూత్రం కూడా ఆయన కలం నుండే వచ్చింది.

ఆ రోజుల్లో ప్రచారంలో ఉన్న ఒక సులువైన జవాబును ఖండించడానికి టెర్టూలియన్ కలం పట్టాడు. దేవుడు ఒక్కడే, ఒక్కో సమయంలో ఒక్కో వేషంలో కనిపిస్తాడు అన్నది ఆ జవాబు. సబెల్లియస్ అనే బోధకుని పేరుతో అది ప్రసిద్ధమైంది. మన భాషలో చెప్పాలంటే ఒకే అధికారి మూడు సీట్లకు ఇన్‌ఛార్జిగా ఉండి, ఏ ఫైలు వస్తే ఆ హోదాలో సంతకం పెట్టడం లాంటిది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ గెత్సేమనే తోటలో యేసు తండ్రికి ప్రార్థన చేశాడు. సబెల్లియస్ మాట నిజమైతే తనకు తానే ప్రార్థించుకున్నట్లవుతుంది. ఒకే అధికారి ఒక సీట్లో కూర్చుని అర్జీ రాసి, మరో సీట్లోకి మారి దాన్ని పరిశీలించినట్లుంటుంది. కనుక ఈ జవాబును సంఘం తోసిపుచ్చింది.

రెండో సులువైన జవాబు దీనికి ఎదురు దిక్కు నుండి వచ్చింది. అసలు దేవుడు తండ్రి ఒక్కడే, కుమారుడు ఆయన చేసిన మొదటి సృష్టి, ఎంత గొప్పవాడైనా ఒక మెట్టు కిందివాడే అన్నది దాని సారాంశం. 318 ప్రాంతంలో ఈజిప్టులోని అలెక్సంద్రియలో అరియస్ అనే పెద్ద ఇలా బోధించాడు. కుమారుడు లేని సమయం ఒకటి ఉండేదని ఆయన వాదన. ఇది పై అధికారి, కింది అధికారి పద్ధతి. మనలాంటి ఉద్యోగులకు ఇట్టే బోధపడుతుంది! అరియస్ తన బోధను పాటలుగా కట్టి నావికుల నోళ్ళలోకీ, తిరగళ్ళు తిప్పేవారి నోళ్ళలోకీ చేర్చాడని చెబుతారు. ఆయన బిషప్పు అలెగ్జాండరు దీన్ని ఒప్పుకోలేదు. కుమారుడు సృష్టిలోనివాడైతే ఆయనను ఆరాధించడం విగ్రహారాధనతో సమానం. ఆరాధించదగినవాడైతే ఆయనను సృష్టిలోనివాడనడం తప్పు. నడిమి మార్గం లేదు. ఇదీ అసలు చిక్కు.

నికయ - క్రీ.శ. 325

324లో లికినియస్‌ను ఓడించి సామ్రాజ్యమంతటికీ ఏకైక ప్రభువైన కాన్‌స్టాంటైన్ చక్రవర్తికి ఈ గొడవ తలనొప్పిగా కనిపించింది. ఇంత చిన్న విషయానికి పోట్లాడుకోవద్దని ఇద్దరికీ ఉత్తరం రాసి కొర్డోవా బిషప్పు హోసియస్ చేతికిచ్చి పంపాడు. ఫలితం లేకపోయింది. అప్పుడు 325 వేసవిలో నికయలో బిషప్పుల మహాసభ పిలిచాడు. నేటి తుర్కియే దేశంలో ఆ ఊరి పేరు ఇజ్నిక్. వచ్చినవారు 318 మంది అని సంప్రదాయం. 250కీ 300కీ మధ్య ఉంటారని చరిత్రకారుల అంచనా. ప్రభుత్వ తపాలా గుర్రాలనూ, బండ్లనూ వాడుకునే వీలు బిషప్పులకు కల్పించారు. టి.ఏ. బిల్లు పెట్టవలసిన అవసరం లేకుండా అందరూ సభకు చేరారన్నమాట.

డ్రాఫ్టు తయారీలో వచ్చిన ఇబ్బంది గురించి అతనాసియస్ తర్వాతి రోజుల్లో రాశాడు. ఈయన అప్పటికి చిన్న డీకను, బిషప్పు అలెగ్జాండరు వెంట సభకు వచ్చినవాడు. కుమారుడు దేవుని నుండి వచ్చినవాడు అని బైబిలు మాటలతోనే రాద్దామని కొందరు ప్రతిపాదించారు. అరియస్ పక్షంవారు ఒకరినొకరు చూసుకుని కనుసైగలు చేసుకున్నారట. సమస్తమూ దేవుని నుండే వచ్చింది కదా, ఆ మాట మనకూ వర్తిస్తుంది, సంతకం పెట్టేయవచ్చు అన్నది వారి ఊహ. బైబిలులోని ఏ మాట తెచ్చినా వారు దానికి తమ అర్థం చెప్పుకొనేలా ఉన్నారు. కనుక సందు లేకుండా మూయగలిగిన మాట ఒకటి కావలసి వచ్చింది. అదే ‘హోమోఊసియోస్’. తండ్రితో ఒకే సారం గలవాడు అని దాని అర్థం. అది బైబిలులో లేని మాట. పైగా 268లో అంతియొకయ సభ ఈ మాటను నిరాకరించిందని కొందరు తర్వాత గుర్తు చేశారు. అయినా అరియస్ పక్షంవారు ఒప్పుకోలేని మాట అదొక్కటే గనుక దాన్నే ఉంచారు.

కైసరయ బిషప్పు యూసేబియస్ మొదట సందేహించి, చివరకు సంతకం చేశాడు. ఎందుకు చేయవలసి వచ్చిందో తన ఊరి సంఘానికి ఒక సంజాయిషీ లేఖ రాశాడు. ఆ మాట చేర్చమన్నది స్వయంగా చక్రవర్తేనని ఆ లేఖలో ఉంది. థియోనాస్, సెకుందస్ అనే ఇద్దరు బిషప్పులు మాత్రం సంతకం చేయక అరియస్‌తో పాటు దేశ బహిష్కారానికి వెళ్ళారు. నికయ ప్రమాణం పరిశుద్ధాత్మ గురించి నమ్ముతున్నామని మాత్రం అని అక్కడితో ఆగిపోయింది. ఇంకొక లోపం కూడా మిగిలింది. ప్రమాణం చివరనున్న ఖండనలో ‘ఊసియా’, ‘హుపోస్టాసిస్’ అనే రెండు గ్రీకు మాటలను ఒకే అర్థంలో వాడారు. ఆ రెండు మాటలే తర్వాతి నలభై ఏళ్ళ కలహానికి కారణమయ్యాయి.

సంతకాలు ఎక్కువ, సమాధానం తక్కువ

సంతకాలతో వ్యవహారం ముగియలేదు. కొన్నేళ్ళకే గాలి మారింది. బహిష్కృతులు తిరిగి వచ్చారు. అరియస్‌ను సమర్థించిన నికోమీదియ బిషప్పు యూసేబియస్ చేతనే 337లో కాన్‌స్టాంటైన్ మరణానికి ముందు బాప్తిస్మం పొందాడు. 328లో అలెక్సంద్రియ బిషప్పు అయిన అతనాసియస్ నలుగురు చక్రవర్తుల చేతుల్లో అయిదుసార్లు ప్రవాసానికి వెళ్ళాడు. 45 ఏళ్ళ పదవీకాలంలో దాదాపు 17 ఏళ్ళు ఊరు వదిలే ఉన్నాడు. బదిలీలని మనం పడిన బాధ ఏపాటిది!

కాన్‌స్టాంటైన్ కుమారుడు కాన్‌స్టాన్షియస్ అందరినీ ఒక్క వాక్యం కిందికి తేవాలని సభ మీద సభ జరిపించాడు. ఒకే సారం అంటే గొడవ, సారంలో పోలిక అంటే గొడవ. గ్రీకులో ఈ రెండు మాటలకూ ‘అయోటా’ అనే ఒక్క చిన్న అక్షరమే తేడా - హోమోఊసియోస్, హోమోయిఊసియోస్. 357లో సిర్మియంలో వెలువడిన ప్రకటన ఈ మాటలన్నిటినీ వాడవద్దంది. 359 మే 22న తయారైన మరో చిత్తుప్రతి మీద ఆనాటి అధికార పద్ధతిలో తేదీ వేశారు. దీన్ని అతనాసియస్ బాగా ఎద్దేవా చేశాడు. అపొస్తలుల కాలం నాటి విశ్వాసం ఫలానా తేదీన పుట్టిందని వీరే రాసిచ్చారని ఆయన ఎత్తిపొడుపు. తేదీ లేని కాగితం ఆఫీసులో చెల్లదు. తేదీ వేసిన విశ్వాసం సంఘంలో చెల్లలేదు.

అదే ఏడాది పడమటి బిషప్పులు 400 మందికి పైగా ఇటలీలోని అరిమినంలో, తూర్పు బిషప్పులు సుమారు 160 మంది సెలూకియలో సమావేశమయ్యారు. అరిమినం సభ మొదట నికయ ప్రమాణం వైపే నిలిచింది. కానీ చక్రవర్తి వద్దకు వెళ్ళిన వారి ప్రతినిధులను థ్రేసులోని నీకే అనే ఊళ్ళో ఉంచి, కొత్త పత్రం మీద సంతకాలు తీసుకున్నారు. నికయ పేరును పోలిన ఊరు గనుక జనం తికమకపడతారనే ఆ చోటును ఎంచుకున్నారని ప్రాచీన చరిత్రకారుడు సోక్రటీస్ రాశాడు. కుమారుడు తండ్రిని పోలినవాడు అని మాత్రమే చెప్పే ఆ పత్రం మీద చివరకు దాదాపు అందరూ సంతకం పెట్టారు. అయిదు వందలకు పైగా బిషప్పులు, చక్రవర్తి అండ, ప్రభుత్వ ఖర్చు. ఇన్ని ఉన్నా ఆ పత్రాన్ని నేడు ఏ ప్రధాన సంఘమూ ఆరాధనలో చదవడం లేదు.

ఇరవై మంది సభ

ఈ చరిత్రలో నా మనసుకు బాగా పట్టిన ఘట్టం 362లో జరిగింది. చరిత్ర పుస్తకాల్లో దీనికి రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. కాన్‌స్టాన్షియస్ చనిపోయాడు. గద్దెనెక్కిన జూలియన్ క్రైస్తవాన్ని వదిలి పాత దేవతలను కొలిచేవాడు. బిషప్పుల తగాదాలతో ఆయనకు పని లేదు. ప్రవాసంలో ఉన్నవారందరినీ వెనక్కు రమ్మన్నాడు. అతనాసియస్ అలెక్సంద్రియకు తిరిగివచ్చి చిన్న సభ చేశాడు. వచ్చిన బిషప్పులు ఇరవై మంది చిల్లర. చక్రవర్తి లేడు, ప్రభుత్వ బండ్లు లేవు.

అరియస్‌ను వ్యతిరేకించేవారే అప్పటికి రెండు జట్లుగా చీలి ఉన్నారు. దేవునిలో మూడు హుపోస్టాసిస్‌లు అని ఒక జట్టు. ఒకటే హుపోస్టాసిస్ అని రెండో జట్టు. మొదటివారు ముగ్గురు దేవుళ్ళను పూజిస్తున్నారని రెండోవారి అనుమానం. రెండోవారు సబెల్లియస్ శిష్యులని మొదటివారి అనుమానం. అతనాసియస్ సభ రెండు పక్షాలనూ విడివిడిగా పిలిచి అడిగింది. మూడు అనడంలో మీ ఉద్దేశం ముగ్గురు దేవుళ్ళనా? కాదు, తండ్రి తండ్రిగా, కుమారుడు కుమారుడుగా, ఆత్మ ఆత్మగా నిజంగా ఉన్నారన్నదే మా భావం అని వారు చెప్పారు. ఒకటి అనడంలో మీ ఉద్దేశం కుమారుడూ ఆత్మా ఉత్త పేర్లనా? కాదు, సారం ఒక్కటే అన్నది మా భావం, హుపోస్టాసిస్ అన్నా ఊసియా అన్నా మాకు ఒకటే అని వీరు చెప్పారు. రెండు పక్షాల భావమూ ఒకటేనని తేలింది. ఒకరి మీద ఒకరు నేరం మోపుకోవద్దనీ, నికయ ప్రమాణంతో తృప్తి పడవలసిందనీ కోరుతూ సభవారు అంతియొకయ సంఘానికి ఉత్తరం రాశారు.

ఆ ఉత్తరంతో అన్నీ చక్కబడ్డాయని చెప్పడానికి లేదు. అది అంతియొకయ చేరేలోపే లూసిఫర్ అనే సార్డీనియా బిషప్పు తొందరపడి అక్కడ ఒక పక్షానికి కొత్త బిషప్పును నియమించాడు. ఆ చీలిక మానడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది. అతనాసియస్‌ను కూడా ఆ ఏడాదే జూలియన్ మళ్ళీ వెళ్ళగొట్టాడు. కానీ ఆ సభ వేసిన ప్రశ్న నిలిచింది. ఎదుటివాడు వాడిన మాటకు మన అర్థం అంటగట్టకుండా, నీ అర్థమేమిటని అతన్నే అడగడం. నలభై ఏళ్ళ సభల్లో జరగని పని అదే.

ప్రత్యయాల తగాదా, దొరకని రికార్డు

ఆ దారి వెంట నడిచి పదజాలాన్ని స్థిరపరచినవారు నేటి తుర్కియే నడిబొడ్డున ఉన్న కప్పదొకియ ప్రాంతపు ముగ్గురు - కైసరయ బిషప్పు బాసిల్, ఆయన తమ్ముడు నిస్సా గ్రెగరీ, వారి మిత్రుడు నాజియాంజస్ గ్రెగరీ. ఊసియా అంటే ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్న సారం, హుపోస్టాసిస్ అంటే ఒక్కొక్కరి ప్రత్యేకత అని వీరు రెండు మాటలకూ హద్దులు గీశారు. ఒక ఊసియా, మూడు హుపోస్టాసిస్‌లు అన్న సూత్రం అప్పటి నుండి నిలబడింది.

పరిశుద్ధాత్మ విషయం అప్పటికి తేలలేదు. ఆరాధనలో బాసిల్ ఒక్కోసారి కుమారుని ద్వారా ఆత్మయందు తండ్రికి మహిమ అనీ, ఒక్కోసారి కుమారునితోనూ ఆత్మతోనూ తండ్రికి మహిమ అనీ పలికేవాడు. ‘తో’ అంటే సమానుణ్ణి చేసినట్లే కదా అని కొందరు అభ్యంతరం లేవదీశారు. ఈ ప్రత్యయాల మీదనే బాసిల్ 375 ప్రాంతంలో ఒక పూర్తి గ్రంథం రాశాడు. ఈ చర్చ పండితుల మధ్యనే ఉండిపోలేదు. కాన్‌స్టాంటినోపిల్‌లో చిల్లర మార్చమన్నా, రొట్టె ధర అడిగినా, స్నానానికి నీళ్ళు సిద్ధమా అన్నా తండ్రి గొప్పా కుమారుడు గొప్పా అన్న వాదమే జవాబుగా వస్తోందని నిస్సా గ్రెగరీ విసుక్కున్నాడు. మన ఊళ్ళో ఎన్నికల రోజుల్లో టీ కొట్టు దగ్గర వినబడే మాటలు గుర్తొస్తాయి.

380లో థియొడోసియస్ చక్రవర్తి నికయ విశ్వాసాన్నే అందరూ అనుసరించాలని ఆజ్ఞ జారీ చేశాడు. రాజబలం లేకుండానే ఈ సిద్ధాంతం గెలిచిందని నేను చెప్పబోవడం లేదు. 381లో కాన్‌స్టాంటినోపిల్‌లో 150 మంది బిషప్పులు చేరి ఆత్మ గురించిన వాక్యాలను విస్తరించారు. ఆత్మ జీవమిచ్చే ప్రభువనీ, తండ్రి నుండి బయలుదేరువాడనీ, తండ్రి కుమారులతో కూడ ఆరాధింపబడేవాడనీ రాశారు. ఆత్మ విషయంలో మాత్రం హోమోఊసియోస్ అన్న మాట వాడలేదు. ఒప్పుకోని 36 మందిని కలుపుకొని పోవాలని చూశారు గానీ వారు లేచి వెళ్ళిపోయారు. సభకు అధ్యక్షత వహించిన నాజియాంజస్ గ్రెగరీ కూడా తృప్తి చెందక మధ్యలోనే పదవి వదిలి వెళ్ళాడు.

ఈ సభ మినిట్స్ మనకు దక్కలేదు. 150 మంది ప్రమాణంగా ఈ పాఠం రికార్డుల్లో మొదటిసారి కనబడేది 451లో, చాల్సెడన్ మహాసభలో దాన్ని చదివి వినిపించినప్పుడు. అంటే మధ్యలో 70 ఏళ్ళు. నేడు నికయ ప్రమాణం అని లోకమంతటా పఠించేది 325 నాటి పాఠం కాదు, ఇదే.

అనుమతి లేని చేర్పు

భాష మారితే అర్థం మారుతుందన్న సంగతి అప్పుడే తెలిసింది. లాటినువారు ‘ముగ్గురు పెర్సొనాలు’ అంటే గ్రీకులకు నాటకంలోని ముఖతొడుగులు గుర్తొచ్చి సబెల్లియస్ వాసన తగిలేది. గ్రీకులు ‘మూడు హుపోస్టాసిస్‌లు’ అంటే లాటినువారికి మూడు వేర్వేరు సారాలని వినిపించేది. ముగ్గురు వ్యక్తులు అని ఎందుకంటున్నామంటే, ఏమీ అనకుండా ఉండలేక అంటున్నామని అగస్టీన్ నిజాయితీగా ఒప్పుకున్నాడు. తెలుగులో కూడా ‘వ్యక్తి’ అనగానే కాళ్ళూ చేతులూ ఉన్న మనిషి మనసులో మెదులుతాడు. ముగ్గురు దేవుళ్ళా అని మిత్రులకు సందేహం రావడంలో ఆశ్చర్యం లేదు.

381 నాటి ప్రమాణం ఆత్మ తండ్రి నుండి బయలుదేరునని మాత్రమే చెప్పింది. స్పెయినులో గోతు రాజులు చాలాకాలం అరియస్ మతంలో ఉండి, ఆరవ శతాబ్దం చివర దాన్ని విడిచారు. 589లో టొలేడో సభ కుమారుని ఘనతను స్థిరపరచడానికి ఆత్మ కుమారుని నుండి కూడా బయలుదేరునని ప్రకటించింది. ఆ భావాన్ని తెలిపే ‘ఫీలియోక్వే’ అన్న ఒక్క లాటిను మాట పడమటి దేశాల్లో క్రమంగా ప్రమాణంలోకే చేరింది. ఉద్దేశం మంచిదే. కానీ ఉమ్మడి పత్రంలో ఒక పక్షం రెండో పక్షాన్ని అడగకుండా చేసిన చేర్పు అది.

రోము పోపు మూడవ లియో దీన్ని పసిగట్టాడు. 810 ప్రాంతంలో ఫ్రాంకుల రాజు షార్లమేన్ మనుషులు ఒత్తిడి తెచ్చినప్పుడు, ఆ భావం తప్పని ఆయన అనలేదు. ప్రమాణంలో చేర్చడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆ మాట లేని ప్రమాణాన్ని గ్రీకులోనూ లాటినులోనూ వెండి పలకల మీద చెక్కించి పేతురు దేవాలయంలో పెట్టించాడు. అంతటి జాగ్రత్త కూడా రెండు వందల ఏళ్ళే ఆగింది. 1014లో రోములో కూడా ఆ మాటతోనే ప్రమాణం పాడారు. 1054 జూలైలో కార్డినల్ హంబెర్టు కాన్‌స్టాంటినోపిల్‌లోని హాగియా సోఫియా వేదిక మీద బహిష్కార పత్రం పెట్టి వచ్చాడు. ఆయనను పంపిన పోపు అప్పటికే మూడు నెలల క్రితం చనిపోయాడు. ఆ పత్రంలో గ్రీకుల మీద మోపిన నేరాల్లో ఒకటి, వారు ప్రమాణంలో నుండి ఆ మాట తీసివేశారని! చేర్చినవారే ఎదుటివారు కొట్టివేశారని రాశారు. అసలు ప్రతిని తెప్పించి చూడకపోతే ఎంత పొరపాటు జరుగుతుందో ఏ రికార్డు కీపరైనా చెప్పగలడు. తూర్పు పడమరల చీలికకు పోపు అధికారం, రాజకీయాలు వంటి కారణాలు ఇంకా ఉన్నాయి. అయినా ఆ ఒక్క మాట ఆ గాయాన్ని మాననివ్వలేదు.

వెల చెల్లించినవారు

ఈ మాటల కోసం మనుషులు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. త్రిత్వాన్ని ఖండిస్తూ పుస్తకాలు రాసిన మైఖేల్ సెర్వీటస్ అనే స్పెయిను వైద్యుణ్ణి 1553 అక్టోబరు 27న జెనీవాలో సజీవంగా తగలబెట్టారు. తగలబెట్టినవారు సంస్కరణవాదులే. నేను నమ్మే సిద్ధాంతం పేరుతో జరిగిన ఆ పనిని కప్పిపుచ్చడం నాకు చేతకాదు.

మన దేశంలో ఈ వాదం కాస్త మర్యాదగా నడిచింది. 1820లో రాజా రామమోహన్ రాయ్ యేసు ఉపదేశాలను సంకలనం చేసి ప్రచురించాడు. శ్రీరాంపూరు మిషనరీ జాషువా మార్ష్‌మన్‌తో త్రిత్వం గురించి ఆయనకు పత్రికాముఖంగా వాదం జరిగింది. మిషను ముద్రణాలయం ఆయన మూడో జవాబును అచ్చువేయడానికి నిరాకరిస్తే, రాయ్ సొంతంగా ముద్రణాలయం పెట్టుకుని 1823లో దాన్ని వెలువరించాడు. నిప్పు పెట్టడం కన్న అచ్చు వేయడం ఎంతో మేలు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఏకమయ్యారు. ఎన్నో విషయాల్లో వేరు వేరు పద్ధతులున్న వారందరూ ఉమ్మడిగా అంగీకరించిన వాటిలో నికయ ప్రమాణం ఒకటి. అదే దక్షిణ భారతంలో, కేరళలోని సిరియన్ ఆర్థడాక్స్ సంఘాలవారు ఫీలియోక్వే మాట లేకుండానే ఆ ప్రమాణాన్ని పఠిస్తారు.

1965 డిసెంబరు 7న రోము పోపు ఆరవ పాల్, కాన్‌స్టాంటినోపిల్ పేట్రియార్క్ అతనాగోరస్ 1054 నాటి బహిష్కారాలను రద్దు చేశారు. 1995లో వాటికన్ ఫీలియోక్వే మీద ఒక వివరణ పత్రం విడుదల చేస్తూ, 381 నాటి గ్రీకు పాఠానికి ఉన్న ప్రామాణికతను అంగీకరించింది. గ్రీకు, లాటిను భాషల్లో ‘బయలుదేరు’ అన్న క్రియకున్న అర్థభేదాన్ని అది ముఖ్యంగా చర్చించింది. 2025 నవంబరు 28న ఇజ్నిక్ సరస్సు ఒడ్డున పోపు పద్నాలుగవ లియో, పేట్రియార్క్ బర్తొలోమయి కలిసి ప్రమాణం పఠించారు. ఆ ఒక్క మాట లేకుండా పఠించారు.

359లో సంతకాలు చేసిన అయిదు వందల మంది మాట నిలవలేదు. 362లో ఎదుటివారి అర్థం అడిగిన ఇరవై మంది మాట నిలిచింది. 1995 నాటి పత్రం చేసింది కూడా ఆ పనే, ఆరు వందల ఏళ్ళు కాదు, పదహారు వందల ఏళ్ళు ఆలస్యంగా. ఒక్కటైన దేవునిలో ముగ్గురు ఎలా ఉంటారో నేను బుద్ధితో పూర్తిగా గ్రహించానని చెప్పలేను. పెద్దలు కూడా అలా చెప్పలేదు. ఇలా అనకూడదు, అలా అనకూడదు అని రెండు వైపులా గట్లు వేసి, మధ్యలో ఆరాధనకు చోటు విడిచారు. ఆ గట్ల మధ్య నిలబడి ఆదివారం నాడు ప్రమాణం పఠించేటప్పుడు, ఒక్కొక్క మాట వెనుక ఎవరి ప్రవాసం ఉందో, ఎవరి ఓర్పు ఉందో తెలిసి పఠించడం మేలని నా మనవి.